ఒక్కరోజు ఆగ్రా ప్రయాణం: అత్తను కూర్చోబెట్టి చూపించండి

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా అబ్బాయి నోయిడాలో ఉద్యోగం చేస్తున్నాడు. డిసెంబరు ఆఖరి వారంలో నేను, మా ఆయన, మా అత్త వాడి దగ్గరికి పోతున్నాం. సంపర్క్ క్రాంతికి టికెట్లు కూడా చేసుకున్నాం. మా అత్తకు 71 ఏళ్ళు. పెళ్ళయిన కొత్తలో తిరుపతిలో ఒక స్టూడియోలో తాజ్‌మహల్ బొమ్మ వేసిన తెర ముందు మామతో కలిసి దిగిన ఫోటో ఒకటి ఆమె దగ్గర ఉంది. "నిజం తాజ్‌మహల్ కూడా చూపిస్తా" అని మామ చెప్పేవారట. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఈసారి ఎట్లాగైనా చూపించాలని మా కోరిక. ఢిల్లీనుంచి రైల్లో తీసుకెళ్ళి, గైడుతో తాజ్‌మహల్, ఆగ్రా కోట చూపించి, షాపింగ్ చేయించి రాత్రికి తెచ్చి దింపే టూర్లు ఉన్నాయని అబ్బాయి చూపించాడు. అది తీసుకోమంటారా? అత్తకు మోకాళ్ళ నొప్పులు. శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. మా ఆయనకు, నాకు హిందీ రాదు. అబ్బాయి శుక్రవారం సెలవు పెట్టి మాతో వస్తానంటున్నాడు. లేదంటే వాడి స్నేహితుడి కారు ఉంది, రోడ్డుమీద పోదామా అని కూడా అనుకుంటున్నాం. టెన్షన్‌గా ఉంది. మీరు చెప్పండి.

సమాధానం:

చెల్లెమ్మా, ముందు శుక్రవారం సంగతి తేల్చేద్దాం. శుక్రవారం తాజ్‌మహల్‌కు సెలవు. అక్కడి మసీదుకు నమాజుకు వచ్చేవాళ్ళను తప్ప సందర్శకులను లోపలికి పంపరు. ఢిల్లీనుంచి ఆగ్రాకు పోయే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ కూడా శుక్రవారం నడవదు. మన చంద్రగిరి కోటలో రాజమహల్ మ్యూజియంకు కూడా శుక్రవారమే సెలవు. చుట్టాలను వెంటబెట్టుకుపోయి గేటు దగ్గరినుంచి వెనక్కి వచ్చినవాళ్ళు మన ఊళ్ళో కొత్త కాదు. చంద్రగిరి అయితే 12 కిలోమీటర్లు, మరుసటి రోజు పోవచ్చు. ఆగ్రా అట్లా కాదు కదా. అబ్బాయిని సెలవు గురువారానికి మార్చుకోమనండి. బుధవారమైనా మంచిదే. శనివారం అత్త ఒక్కపొద్దు, ఆదివారం జనం. ఆ వారం మొత్తం బడుల సెలవుల వల్ల రద్దీగానే ఉంటుంది కానీ, వారాంతం కంటే మామూలు రోజు నయం.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్నకు నా జవాబు ఇది. రైలు తప్పకుండా తీసుకోండి. గైడును తాజ్‌మహల్ వరకు మాట్లాడుకోండి. రోజంతటినీ ఒకరి చేతిలో పెట్టే గుంపు టూరు మాత్రం అత్త కోసం వద్దు. ఎందుకో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి.

పదకొండేళ్ళ కింద మా అమ్మను అచ్చం మీరు చూసినలాంటి టూరులోనే తీసుకెళ్ళాను. ఆ టూరు పేరు ఇక్కడ అనవసరం. పొద్దున స్టేషన్లో దిగగానే మినీ బస్సు ఎక్కించారు. ముందు కోట. కోటలోకి పోయే దారి పొడుగునా ఏటవాలుగా పైకి ఎక్కాలి, అమ్మ రెండు చోట్ల ఆగింది. గైడు మాత్రం ముందుకు పోతూనే ఉన్నాడు. తర్వాత భోజనం. భోజనం కాగానే "తాజ్‌మహల్ రాయి ఎట్లా చెక్కుతారో చూపిస్తాం" అని ఒక చలువరాయి అంగడికి తీసుకెళ్ళారు. ఒకతను పది నిమిషాలు చెక్కి చూపించాడు, మిగతా గంటంపావు అమ్మకమే. బస్సు బయట తలుపు వేసి ఉంది, పోవడానికి వేరే దారి లేదు. తాజ్‌మహల్ చేరేసరికి మూడున్నర. నలభై నిమిషాల్లో గేటు దగ్గరికి రావాలని చెప్పారు. అమ్మ నీళ్ళ తొట్టి దాకా నడిచి, అక్కడ కూర్చోబోతుంటే నేనే "అమ్మా, టైం లేదు, లే" అన్నాను. ఆమె లేచింది. "అంత దూరం వచ్చి ఇంతేనా" అని ఒక్క మాట అంది, మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. రెండేళ్ళకు ఆమె పోయింది. ఆ రోజు నేను టూరు వాళ్ళతో పోట్లాడి అయినా ఇంకో గంట అక్కడ ఆపి ఉండాల్సింది. మీ ఉత్తరం చదివినప్పటినుంచి నాకు అదే గుర్తుకొస్తోంది. అందుకే ఇంత పొడుగున రాస్తున్నాను.

కాబట్టి ఆ రోజు మొత్తాన్ని ఒక్క పని చుట్టూ కట్టుకోండి. మీ అత్త తాజ్‌మహల్ ఎదురుగా కనీసం గంటసేపు, ఎవరూ తొందరపెట్టకుండా కూర్చోవాలి. దానికి అడ్డొచ్చేది ఏదైనా సరే, ఆగ్రా కోట అయినా సరే, తీసేయండి.

కారు మాట కూడా ఇక్కడే చెప్తాను. నోయిడానుంచి యమునా ఎక్స్‌ప్రెస్‌వే ఉంది, గ్రేటర్ నోయిడానుంచి ఆగ్రా దాకా 165 కిలోమీటర్లు, రోడ్డు బాగుంటుంది. మిగతా నెలల్లో అయితే నేనే కారు అనేదాన్ని. డిసెంబరు ఆఖర్లో ఆ వైపు పొగమంచు ఎట్లా ఉంటుందో మనకు ఇక్కడ అర్థం కాదు. తిరుమల ఘాట్‌లో పొద్దున పూట పడే మంచు చూసి దాన్ని ఊహించుకోవద్దు. పది అడుగుల అవతల లారీ కనపడదు. ఒకదాని వెనక ఒకటి బండ్లు గుద్దుకున్న వార్తలు చలికాలం వచ్చిందంటే చదువుతూనే ఉన్నాం. చీకటితో లేచి ఆ మంచులో కారు తోలే పని అబ్బాయికి పెట్టొద్దు. రైలు ఆలస్యమైతే ఆలస్యమవుతుంది, అంతే.

గతిమాన్ గురించి. 2016 ఏప్రిల్ 5న మొదలైన రైలు ఇది. మన దేశంలో గంటకు 160 కిలోమీటర్ల వేగంతో నడిచిన మొదటి రైలు ఇదే. హజ్రత్ నిజాముద్దీన్‌లో పొద్దున 8:10కి బయల్దేరి 9:50కి ఆగ్రా కంటోన్మెంట్ చేరుతుంది. మొదట్లో ఆగ్రా వరకే ఉండేది, 2018లో గ్వాలియర్ మీదుగా ఝాన్సీ దాకా పొడిగించారు. సాయంత్రం అదే రైలు 5:50కి ఆగ్రాలో ఎక్కించుకుని 7:30కి నిజాముద్దీన్‌లో దించుతుంది. పోయేటప్పుడు దాని నంబరు 12050, వచ్చేటప్పుడు 12049. అన్నీ కూర్చునే సీట్లే, చైర్‌కార్ చాలు. టిఫిన్ రైల్లోనే ఇస్తారు, టికెట్ చేసేటప్పుడు శాకాహారం అని పెట్టడం మరిచిపోవద్దు. ప్రయాణానికి రెండు రోజుల ముందు టైములు ఒకసారి మళ్ళీ చూసుకోండి, చలికాలంలో మార్పులు జరుగుతుంటాయి. పొద్దున ఆరింటికి కొత్త ఢిల్లీనుంచి భోపాల్ శతాబ్ది కూడా ఉంది కానీ, ఆ చలిలో 71 ఏళ్ళ మనిషిని నాలుగింటికి లేపి తీసుకుపోయి, ఎనిమిదింటికి మంచులో దింపడం నాకు ఇష్టం లేదు. ఆ శతాబ్ది రాత్రి తిరుగు ప్రయాణంలో ఆగ్రాలో ఆగుతుంది. ఏ కారణం వల్లనైనా 5:50 రైలు తప్పిపోతే అది ఒక దారి అని గుర్తుంచుకుంటే చాలు.

మీకు ఒక సౌకర్యం ఉంది. తిరుపతినుంచి మీరు వచ్చే సంపర్క్ క్రాంతి ఆగేది కూడా నిజాముద్దీన్‌లోనే. దిగిన రోజు తొందరపడకుండా స్టేషన్ ఒకసారి చూసుకోండి. లిఫ్టు ఎక్కడుంది, కార్లు వచ్చి ఆగే చోటునుంచి ప్లాట్‌ఫారానికి ఎంత నడవాలి, అత్త ఎక్కడ కూర్చోవచ్చు అని. మళ్ళీ పొద్దున పూట చలిలో వచ్చినప్పుడు వెతుక్కునే పని ఉండదు. వచ్చేదారిలోనే ఆగ్రాలో దిగి చూసేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. అంత దూరం ప్రయాణం చేసిన బడలికతో, సామానుతో అది కుదిరే పని కాదు. ఢిల్లీ చేరాక అత్తకు రెండు రోజులు విశ్రాంతి ఇచ్చి, ఆ తర్వాతే ఆగ్రా పెట్టుకోండి.

ఇప్పుడు ఆగ్రాలో ఆ రోజు ఎట్లా గడపాలో చెప్తాను. ఇది మామూలు టూర్ల వరసకు తలకిందులుగా ఉంటుంది.

చాలా టూర్లు స్టేషన్‌నుంచి నేరుగా తాజ్‌మహల్‌కు పోతాయి. ఎండాకాలం అది సరైన పని, పదకొండు దాటితే ఆగ్రా ఎండకు మనం ఆగలేం. చలికాలం పొద్దున పదింటికి పోతే గేటు దాటాక ఎదురుగా తెల్లటి మంచు తప్ప ఏమీ కనపడని రోజులు ఉంటాయి. మధ్యాహ్నానికి మంచు విడిపోయి సన్నటి ఎండ వస్తుంది. ఆ ఎండలో చలువరాయి చూడాలి. కాబట్టి తాజ్‌మహల్‌ను ఒంటిగంటకు పెట్టుకోండి.

పొద్దున పూట యమునకు అవతలి ఒడ్డున ఉన్న ఇత్మాద్ ఉద్ దౌలా సమాధికి తీసుకెళ్ళండి. టూర్లలో దీన్ని తరచుగా వదిలేస్తారు, నాకు అది చాలా అన్యాయం అనిపిస్తుంది. చిన్న తోట, జనం తక్కువ, ఎక్కాల్సిన మెట్లు కొద్దిగానే. నూర్జహాన్ తన తండ్రి మీర్జా గియాస్ బేగ్ కోసం 1622 నుంచి 1628 వరకు కట్టించింది. తెల్ల చలువరాయిలో రంగురాళ్ళు పొదిగి పువ్వులు, తీగలు, కూజాలు తీర్చిన పని తాజ్‌మహల్‌కంటే ముందు అక్కడే చూస్తాం. ఈ గియాస్ బేగ్ ఎవరనుకున్నారు? ముంతాజ్ మహల్‌కు తాత. ఆమె తండ్రి ఆసఫ్ ఖాన్, నూర్జహాన్‌కు అన్న. అంటే మేనత్త కట్టించిన తాత సమాధి చూసి, ఆ తర్వాత మనవరాలి సమాధికి పోతున్నారన్నమాట. ఈ చుట్టరికం ముందే చెప్తే మీ అత్తకు ఆ ఇద్దరు ఆడవాళ్ళూ చరిత్ర పుస్తకంలో మనుషుల్లా కాకుండా మన ఇళ్ళలో మనుషుల్లా కనిపిస్తారు. మన పెద్దవాళ్ళకు వరసలు తెలిస్తేనే కథ ఎక్కుతుంది.

అక్కడినుంచి భోజనం. తర్వాత తూర్పు గేటు వైపు పోండి. తాజ్‌మహల్ చుట్టూ కొంత దూరం వరకు పెట్రోలు, డీజిలు బండ్లను రానివ్వరు, పొగకు రాయి రంగు మారుతోందని. ఆగ్రా చుట్టూ 10,400 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో బొగ్గు వాడే పరిశ్రమల మీద 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఈ కట్టడాన్ని కాపాడటానికే. శిల్పగ్రామ్ పార్కింగ్ దగ్గర కారు దిగి, అక్కడ ఉండే బ్యాటరీ బండి ఎక్కితే గేటు దగ్గర దింపుతుంది. "నడిచిపోవచ్చు, దగ్గరే" అని ఎవరైనా అంటే అత్త మోకాళ్ళు గుర్తు తెచ్చుకోండి. వీల్‌చైర్ కూడా గేటు దగ్గర అడిగి తీసుకోండి. ఆమె "నాకెందుకు, నేను నడుస్తా" అంటారు, మా అమ్మ కూడా అనేది. గొడవ పడకుండా వెంట తోసుకుపోండి, అలిసినప్పుడు ఆమే కూర్చుంటారు. తోటలో దారి చదునుగా ఉంటుంది. సమాధి ఉన్న చలువరాతి వేదిక ఎక్కడానికి మాత్రం మెట్లే.

టికెట్ మనవాళ్ళకు 50 రూపాయలు. పైన సమాధి మందిరంలోకి పోవాలంటే ఇంకో 200. పదిహేనేళ్ళలోపు పిల్లలకు టికెట్ లేదు. పురావస్తు శాఖ వాళ్ళ వెబ్‌సైట్లో ముందురోజే అబ్బాయితో కొనిపించండి, కౌంటరు దగ్గర నిలబడే పని తప్పుతుంది. ఆధార్ కార్డులు అందరివీ పెట్టుకోండి. టికెట్‌కు మూడు గంటల గడువు ఉంటుంది, లోపలికి పోయిన టైం గుర్తుంచుకోండి. ఆ 200 టికెట్ అత్తకు కొనాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. మెట్లు ఎక్కగలిగితే కొనండి. ఎక్కలేకపోతే బాధపడాల్సిన పని లేదు. లోపల ఫోటోలు తీయనివ్వరు, జనం తోపులాటలో రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తాం. తిరుమలలో మహాలఘు దర్శనం ఎరిగిన మీకు అది అర్థమవుతుంది. అయితే అక్కడ స్వామి లోపల ఉన్నాడు కాబట్టి ఆ రెండు క్షణాలకే జన్మ ధన్యం. ఇక్కడ చూడాల్సిన అందమంతా బయటే ఉంది. లోపల మనకు కనిపించేవి కూడా పైన పెట్టిన నమూనా గోరీలే, అసలు సమాధులు కింది గదిలో ఉన్నాయి.

చెప్పుల విషయం మరిచిపోయేలా ఉన్నాను. మీ అత్త గుడికి పోయినట్టు చెప్పులు విప్పేసి నడుస్తానంటారు. డిసెంబరులో ఆ రాయి మంచుగడ్డలా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు అసలు పనికిరాదు. బూట్ల మీద తొడుక్కునే కవర్లు ఇస్తారు, అవి వేసుకోమనండి. మందపాటి మేజోళ్ళు, స్వెట్టరు, శాలువా, తలకు మంకీ క్యాప్, అన్నీ ఇక్కడే కొనుక్కుని పోండి. సంక్రాంతి ముందు మన తిరుపతిలో ఉండే చలికి సరిపోయేవి అక్కడ చాలవు.

లోపలికి తినే వస్తువులు తీసుకుపోనివ్వరు. పులిహోర పొట్లం కట్టుకుపోవాలని ఉంటుంది, అది రైలు వరకే. నీళ్ళ బాటిల్ పట్టుకోవచ్చు. పెద్ద బ్యాగులు, చాకు, అగ్గిపెట్టె, లైటరు, పొగాకు, ఇవన్నీ చెకింగ్‌లో ఆపేస్తారు. అత్త సంచిలో వక్కలు తరిగే కత్తెర ఉంటే ఇంట్లోనే పెట్టించండి. మాత్రలు మాత్రం చిన్న పర్సులో వెంట ఉండాలి. కోతులు ఉన్నాయి, కానీ వాటి సంగతి కొండ ఎక్కినవాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

గైడు. ఇది నాకు గట్టి అభిప్రాయం ఉన్న విషయం. గైడు లేకుండా పోతే తాజ్‌మహల్ ఒక అందమైన తెల్ల కట్టడంగా మిగిలిపోతుంది. మంచి గైడు దొరికితే గంటన్నరలో కళ్ళు తెరిపిస్తాడు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న గైడు మెడలో ఫోటో ఉన్న కార్డు వేలాడుతుంది, అది చూసే మాట్లాడుకోండి. తెలుగు గైడు దొరకడం కష్టం. అబ్బాయి పక్కనుండి హిందీనో ఇంగ్లీషునో విని అత్తకు తెలుగులో చెప్పాలి. ఆ మనవడు చెప్తుంటే ఆమె వినడంలో ఉన్న ఆనందం ఏ గైడూ ఇవ్వలేడు. అందుకే అబ్బాయి రావడం నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తోంది. డబ్బులు ఎంత, ఎంతసేపు అన్నది ముందే తేల్చుకోండి. "తాజ్‌మహల్ లోపల మాత్రమే, అంగళ్ళు వద్దు" అని మొదటి మాటలోనే చెప్పేయండి. ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూసుకోండి.

గైడును ఏం అడగాలో కొన్ని చెప్తాను. మహాద్వారం చుట్టూ, పెద్ద తోరణం చుట్టూ నల్లరాతితో పొదిగిన ఖురాన్ అక్షరాలు కింద ఎంత ఉన్నట్టు కనిపిస్తాయో పైన కూడా అంతే కనిపిస్తాయి. అంటే పైకి పోయేకొద్దీ అక్షరాలు పెద్దవి చేస్తూ పోయారు. ఆ పని చేసింది అమానత్ ఖాన్. నాలుగు మినార్లు నిటారుగా లేవు, కొద్దిగా బయటికి వాలి ఉంటాయి. ఎప్పుడైనా కూలినా సమాధి మీద పడకూడదని అట్లా కట్టారంటారు. కట్టడానికి ఒకవైపు మసీదు ఉంది, రెండోవైపు అచ్చం అలాంటిదే ఇంకో భవనం ఉంది, అది కేవలం జోడీ కుదరడానికి కట్టింది. ఆ తోటలో, ఆ భవనాల్లో ఎటు చూసినా రెండు పక్కలూ సమానం. ఒక్కచోట మాత్రం ఆ లెక్క తప్పింది. సమాధి మందిరానికి సరిగ్గా నడిమధ్య ముంతాజ్ ఉంది, షాజహాన్‌ను తర్వాత తెచ్చి ఆమె పక్కన పెట్టారు. అంత పెద్ద కట్టడంలో ఆయన గోరీ ఒక్కటే జోడీ లేకుండా ఒక పక్కగా ఉంటుంది. నాకు ఆ కట్టడంలో అన్నిటికంటే మనసుకు హత్తుకునేది అదే.

రాయి రాజస్థాన్‌లోని మక్రానానుంచి వచ్చింది. 1631లో దక్కన్ దండయాత్రలో భర్త వెంట ఉన్న ముంతాజ్ బుర్హాన్‌పూర్‌లో పధ్నాలుగో కాన్పులో చనిపోయింది. మరుసటి ఏడాది పని మొదలైంది, చుట్టూ ఉన్న భవనాలన్నీ పూర్తయ్యేసరికి 1653. ఇరవై వేలమంది పనిచేశారని చెప్తారు. అవే రోజుల్లో, 1639లో, మన చంద్రగిరి విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటిగా ఉండగా, మద్రాసులో కోట కట్టుకోవడానికి ఇంగ్లీషువాళ్ళకు అనుమతి దొరికింది. ఈ మాట నేను ఎందుకు చెప్తున్నానంటే, చరిత్ర అంటే ఎక్కడో ఢిల్లీ, ఆగ్రాల్లో జరిగిందని మనవాళ్ళు అనుకుంటారు. మన ఊరికి అరగంట దూరంలో కూడా అదే కాలం నడిచింది.

తాజ్‌మహల్ కట్టినవాళ్ళ చేతులను షాజహాన్ నరికించాడనే కథ గైడు తప్పకుండా చెప్తాడు. దానికి చరిత్రలో ఆధారం లేదు. నదికి అవతల నల్ల తాజ్‌మహల్ కట్టబోయాడన్నదీ అంతే. అత్తకు అవి కథలని చెప్పండి, లేకపోతే ఆమె ఆ చేతుల గురించి రాత్రంతా బాధపడతారు.

గైడు మాటలు అయ్యాక అతనికి డబ్బులిచ్చి పంపేయండి. ఆ తర్వాతి గంట మీ అత్తది. మహాద్వారం దాటి లోపలికి పోగానే ఎదురుగా అందరూ ఆగి ఫోటోలు తీసుకుంటూ తోసుకుంటారు, అక్కడ ఆమెను నిలబెట్టొద్దు. తోట నడిమధ్య నీళ్ళ తొట్టి దగ్గర చలువరాతి చప్టాలు ఉంటాయి. ఒకటి ఖాళీ అయ్యేదాకా ఆగి కూర్చోబెట్టండి. దొరక్కపోతే దారి పక్కన చెట్ల కింద ఉన్న బెంచీలైనా ఫరవాలేదు, వాటి మీదనుంచి కూడా గుమ్మటం కనిపిస్తుంది. మీరు కబుర్లు చెప్పొద్దు. ఆమె ఏదైనా చెప్తే వినండి. నాలుగింటికి లేస్తే చాలు, చలికాలం సాయంత్రం అయిదు లోపలే గేట్లు మూసే పని మొదలుపెడతారు. స్టేషన్‌కు ఆరు కిలోమీటర్లే అయినా ఆ టైములో ట్రాఫిక్ ఉంటుంది.

ఆగ్రా కోట? 1565లో అక్బరు మొదలుపెట్టి కట్టించిన ఎర్రరాతి కోట అది, చాలా గొప్పది. కొడుకు ఔరంగజేబు షాజహాన్‌ను బంధించి ఉంచింది అక్కడే. 1666లో చనిపోయేదాకా షాజహాన్ ఆ కోటలోని ఒక బురుజులోనుంచి తాజ్‌మహల్ చూస్తూ గడిపాడు. మా అమ్మ ఆగి ఆగి ఎక్కిన ఏటవాలు దారి కూడా అదే. మీ అత్త మోకాళ్ళతో ఈసారి వద్దు. మీ ఆయనకు మరీ ఆశగా ఉంటే, మీరంతా తాజ్‌మహల్‌లో కూర్చున్నప్పుడు ఆయన ఒక్కరే పోయి చూసి రావచ్చు, దూరం రెండున్నర కిలోమీటర్లే.

ఒకవేళ అబ్బాయికి గురువారం, బుధవారం రెండూ కుదరకపోతే మాత్రం నా మాట కొంచెం మారుతుంది. హిందీ రాకుండా ముగ్గురూ ఆగ్రాలో ఆటోలవాళ్ళతో పడలేరు. అప్పుడు ప్యాకేజీయే మంచిది. అయితే గుంపు బస్సు కాకుండా, మీ ముగ్గురికే కారు, గైడు ఉండేది తీసుకోండి. ఐఆర్‌సీటీసీ వాళ్ళు కూడా గతిమాన్ టికెట్‌తో కలిపి ఆగ్రా టూర్లు అమ్ముతుంటారు, అబ్బాయిని అవి కూడా చూడమనండి. డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి గట్టిగా అడగండి: తాజ్‌మహల్ లోపల ఎన్ని గంటలు ఉంచుతారు, 200 రూపాయల టికెట్ అందులో ఉందా, అంగళ్ళకు తీసుకెళ్తారా, వద్దంటే మానేస్తారా. చివరి ప్రశ్నకు తడబడితే ఆ టూరు వదిలేయండి.

కొనడం గురించి ఒక్క మాట. మక్రానా రాయి అని చెప్పి మెత్తటి రాతితో చేసిన బొమ్మలు అంటగడతారు. గోటితో గీస్తే గీత పడేది చలువరాయి కాదు. నిజంగా కొనాలనుంటే పేఠా కొనుక్కోండి. మనం దిష్టికి కట్టి, వడియాలు పెట్టుకునే బూడిద గుమ్మడికాయను వాళ్ళు పాకంలో వేసి ఆ మిఠాయి చేస్తారు. బైరాగిపట్టెడలో ఇరుగుపొరుగుకు పంచడానికి అదే బాగుంటుంది.

ఇప్పటినుంచి మీకు టైం ఉంది కాబట్టి ఒక పని చేయండి. వారానికి రెండు సార్లు సాయంత్రం పూట అత్తను చంద్రగిరి కోటకు తీసుకెళ్ళి ఆ పచ్చికలో నెమ్మదిగా నడిపించండి. ఆమె ఎంత దూరం నడిచి ఎక్కడ ఆగుతారో మీకు తెలుస్తుంది, వీల్‌చైర్ ఏ చోట కావాలో అంచనా దొరుకుతుంది. నడకకు వాడే చెప్పులు కూడా అప్పుడే అలవాటవుతాయి, కొత్తవి వేసుకుని ఆగ్రా పోవద్దు.

ఆ స్టూడియో ఫోటో వెంట తీసుకెళ్ళండి, ఫ్రేముతో కాదు. అద్దం చూసి చెకింగ్‌లో ఆపొచ్చు, పగిలినా పగులుతుంది. ఇక్కడే మంచి ప్రింటు ఒకటి తీయించి కవర్లో పెట్టుకోండి. ఆ తెర ముందు మీ మామ అత్తకు ఏ పక్కన నిలబడి ఉన్నారో చూసుకోండి. చప్టా మీద కూర్చోబెట్టేటప్పుడు ఆ పక్కన కాస్త చోటు వదలండి.